పేదల పౌష్టికాహారంలో మార్కెట్ల పాత్ర

పేదల పౌష్టికాహారంలో మార్కెట్ల పాత్ర అనగా తక్కువ ఆదాయం గల కుటుంబాలు డబ్బు పెట్టి కొనుక్కునే ఆహారం ద్వారానే వారికి మెరుగైన పోషణ అందేలా సంతలను, దుకాణాలను, ధరలను, సరుకులను తీర్చిదిద్దే విధానాలు. మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ ఆహారం వంటివి ఉచితంగా అందేవి గనుక అవి ఈ కోవలోకి నేరుగా రావు. కాని పేద కుటుంబం తినే ఆహారంలో అధిక భాగం కొన్నదే అయి ఉంటుంది. కావున ఏ సరుకు ఎంత దూరంలో, ఎంత ధరకు, ఎంత చిన్న మోతాదులో దొరుకుతున్నది అన్న విషయం ఆ ఇంటి పిల్లల ఎదుగుదలను ప్రభావితం చేస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో ఈ దిశగా జరిగిన ప్రయత్నాలకు సుదీర్ఘ చరిత్ర ఉన్నది. గిరిజన సహకార సంస్థ డిపోలు (1956 నుండి), కిలో రెండు రూపాయల బియ్యం (1983), రైతు బజార్లు (1999), మహిళా సంఘాల బియ్యం రుణ పద్ధతి, జహీరాబాదు ప్రాంతపు జొన్నల పంపిణీ మొదలగునవి వాటిలో ముఖ్యమైనవి. ఈ అనుభవాలను బట్టి తెలిసేదేమనగా, చౌక తిండిని అందించుట మార్కెట్టుకు సాధ్యమే. అయితే అది ఏ తిండి అన్నది నిర్ణయించేది సరుకు ఎంపిక, ధరపై హామీ, కొనేవారి ఆదాయం. ఈ వ్యాసంలో ఆయా విధానాలను, ఉత్తర తెలంగాణ బొగ్గు గనుల ప్రాంతంలోని గోలేటి పరిసరాలను ఉదాహరణగా తీసుకొని, వివరించడం జరిగినది.

నేపథ్యం

ఆకలి వేరు, పోషకాహార లోపం వేరు. కడుపు నిండా అన్నం తినే వ్యక్తికి కూడా మాంసకృత్తులు, ఇనుము, విటమిన్లు చాలకపోవచ్చును. దీనినే "దాగి ఉన్న ఆకలి" అని కూడా అంటారు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో పరిస్థితి ఈ విధంగా ఉన్నది:

- ఐదేళ్ళ లోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు 33.1%. నాలుగవ సర్వేలో (2015-16) ఇది సుమారు 28%.
- ఐదేళ్ళ లోపు పిల్లలలో వయసుకు తగిన బరువు లేనివారు 31.8%.
- ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలలో రక్తహీనత గలవారు 70%.
- 15-49 సంవత్సరాల స్త్రీలలో రక్తహీనత గలవారు 57.6%.

అదే సర్వేలో తెలంగాణ స్త్రీలలో 30% మంది అధిక బరువు గలవారుగా నమోదయినారు. తిండి తక్కువై వచ్చే సమస్య, తగని తిండి వలన వచ్చే సమస్య ఒకే రాష్ట్రంలో పక్కపక్కనే ఉన్నవని దీనిని బట్టి తెలుస్తున్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 2000 కిలో క్యాలరీల నమూనా భోజనంలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం వంటివి 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. తెలంగాణలో రేషను కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల బియ్యం లభిస్తుంది. అనగా రోజుకు 200 గ్రాములు. ధాన్యాల అవసరంలో ఐదింట నాలుగు వంతులు ఈ విధంగా తీరుతున్నవి. మిగిలిన పప్పు, కూరగాయలు, గుడ్డు, పాలు, పండ్లను కుటుంబం సొంత పొలం నుండో బజారు నుండో తెచ్చుకోవాలి. పోషణ సమస్య ప్రధానంగా ఈ మిగిలిన భాగంలోనే ఉన్నది.

గోలేటి పరిసరాలు

గోలేటి కొమరంభీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలంలోని గ్రామము. ఇది 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. సింగరేణి బొగ్గు గనుల సంస్థకు చెందిన బెల్లంపల్లి ఏరియా కార్యాలయం, ఉద్యోగుల నివాస గృహాలు ఇక్కడ ఉన్నవి. కాజీపేట - బల్లార్షా రైలు మార్గంలోని ఆసిఫాబాద్ రోడ్ స్టేషను రెబ్బెనలో ఉన్నది. చుట్టుపక్కల పల్లెలలో గోండులు, కోలాములు, ఇతర వర్గాల రైతులు, కూలీలు నివసిస్తున్నారు. కోలాములను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ తెగలలో ఒకటిగా గుర్తించినది.

ఈ ప్రాంతంలో మూడు రకాల కొనుగోలుదారులు కనిపిస్తారు. మొదటివారు నెలనెలా జీతం అందుకునే గని ఉద్యోగులు. రెండవవారు ఒప్పంద కార్మికులు. మూడవవారు ప్రత్తి, కంది, జొన్న పండించే రైతులు, వ్యవసాయ కూలీలు. వీరి కొనుగోలు శక్తిలో గల అంతరానికి ఒక ఉదాహరణ: 2024లో సింగరేణి లాభాలలో వాటాగా శాశ్వత ఉద్యోగులకు సగటున సుమారు 1.90 లక్షల రూపాయలు ప్రకటించగా, ఒప్పంద కార్మికులకు 5,000 రూపాయలు ప్రకటించినారు. ఒప్పంద కార్మికులకు అటువంటి మొత్తం ఇవ్వడం అదే మొదటిసారి.

ఇటువంటి చోట ఒకే బజారులో రెండు ఆదాయాల వారు పోటీ పడతారు. వర్తకుడు సహజంగా జీతం గలవారు కొనే సరుకునే ఎక్కువగా తెస్తాడు. తాజా కూరగాయలు, పండ్లు, చేపలు ఆ ధరలకే అమ్ముడుపోతాయి. అవి అందని కుటుంబం అన్నంలోకి పచ్చడితో, చారుతో సరిపెట్టుకుంటుంది. బజారు దగ్గరగా ఉన్నంత మాత్రాన అందులోని పోషకాహారం అందరికీ అందుబాటులో ఉన్నట్లు కాదు.

కొనుగోలును నిర్ణయించే అంశాలు

పేద కుటుంబం పోషకాహారం కొనడానికి ఈ క్రింది అంశాలు అనుకూలంగా ఉండాలి:

- దూరం: వారానికి ఒకసారి జరిగే సంతలో కొన్న ఆకుకూర రెండు రోజులకు మించి నిలువదు. అందువలన సంతపై ఆధారపడే పల్లెలలో వారం చివరి రోజులలో ఉల్లిగడ్డ, ఎండుమిర్చి, పప్పు వంటి నిలువ సరుకులే వండుతారు.
- ధర: ఒక పోషకం ఎంత ఖర్చుకు లభిస్తున్నదన్నది ముఖ్యం. అదే సొమ్ముకు ఎక్కువ మాంసకృత్తులు ఇచ్చే వేరుశనగ, శనగలు, గుడ్డు వంటివి పేదలకు అనుకూలం.
- మోతాదు: రోజు కూలీ చేసేవారు ఏ రోజుకారోజు కొంటారు. పావుకిలో పప్పు, చిన్న ప్యాకెట్టు నూనె కొన్నప్పుడు కిలో లెక్కన పడే ధర పెద్ద మొత్తంలో కొన్నవారి ధర కంటే సాధారణంగా ఎక్కువగా ఉంటుంది.
- ఉద్దెర: చేతిలో డబ్బు లేనప్పుడు కిరాణా దుకాణంలో ఖాతాపై సరుకు తీసుకోవడాన్ని తెలంగాణలో ఉద్దెర అంటారు. ఖాతా ఉన్నవారు ఆ దుకాణంలోనే, ఆ ధరకే కొనవలసి వస్తుంది.
- నమ్మకం: నూనె, పాలు, కారం వంటి వాటిలో కల్తీని కొనేవారు కంటితో గుర్తించలేరు. పోషక విలువ అసలే కనిపించదు.
- సమయం: జొన్నలు కడిగి, దంచి లేదా పట్టించి గట్కగానో రొట్టెగానో వండాలంటే బియ్యం కంటే ఎక్కువ శ్రమ పడుతుంది. గనికి, కూలికి తెల్లవారుజామునే వెళ్ళే ఇళ్ళలో ఇది పెద్ద అంశం.

సంతలు, గిరిజన సహకార సంస్థ

ఆదిలాబాదు అడవులలోని గోండుల మధ్య 1940లలో పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, వర్తకులు, వడ్డీ వ్యాపారులు గిరిజనులను అప్పులలో ముంచి పంటను, భూమిని కైవసం చేసుకుంటున్న తీరును వివరంగా నమోదు చేసినాడు. అక్షరాలు, తూకాలు తెలియని వారికి సంత అవసరమే గాని అది సమానుల మధ్య జరిగే బేరం కాదు.

దీనికి విరుగుడుగా 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. గిరిజనులు సేకరించిన తేనె, చింతపండు, జిగురు, ఇప్పపువ్వు వంటి అటవీ ఫలసాయాన్ని కొనుగోలు చేస్తుంది. నిత్యావసర సరుకులను డి.ఆర్. డిపోల ద్వారా గూడేలకు చేరుస్తుంది. ఏజెన్సీ ప్రాంతాలలో చిన్న తరహా అటవీ ఫలసాయపు వ్యాపారాన్ని క్రమబద్ధం చేస్తూ 1979లో ప్రత్యేక నిబంధన వచ్చినది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు వేరుగా సంస్థ ఏర్పడినది.

ఈ విధానంలోని ప్రధాన ఆలోచన ఏమనగా, గిరిజన కుటుంబం అమ్మే సరుకుకు మంచి ధర వస్తేనే కొనే సరుకుకు డబ్బు ఉంటుంది. అయితే అడవిలో తిండిగా ఉపయోగపడే వస్తువులు అమ్మకపు సరుకులుగా మారినప్పుడు, ఇంటిలో వాటి వాడకం తగ్గే అవకాశం కూడా ఉన్నది. అమ్మిన తేనెకు, ఇప్పపువ్వుకు బదులుగా డిపో నుండి బియ్యం, చక్కెర, నూనె మాత్రమే తిరిగి వస్తే పోషణలో లాభం పరిమితమవుతుంది.

కిలో రెండు రూపాయల బియ్యం

తెలుగుదేశం పార్టీ వ్యవస్థాపకుడు నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రి అయిన తరువాత 1983లో పేద కుటుంబాలకు కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చే పథకాన్ని ప్రారంభించినాడు. ఆ తరువాతి కాలంలో ధర పలుమార్లు మారినది. 2008లో వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తిరిగి రెండు రూపాయలకు తెచ్చినది. 2011లో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం దానిని ఒక రూపాయికి తగ్గించినది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015 జనవరి నుండి మనిషికి 6 కిలోల చొప్పున ఇవ్వసాగినారు. 2023 జనవరి నుండి జాతీయ ఆహార భద్రత చట్టం క్రింద వచ్చే ధాన్యాన్ని కేంద్ర ప్రభుత్వం ఉచితం చేసినది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో తెలంగాణ ప్రభుత్వం రేషను దుకాణాల ద్వారా సన్నబియ్యం పంపిణీని ప్రారంభించినది.

ఈ పథకం కరువు భయాన్ని తొలగించినదనుటలో సందేహం లేదు. బియ్యానికి పోయే డబ్బు మిగిలి, దానితో పప్పు, గుడ్డు కొనగలిగితే అది పోషణకు కూడా తోడ్పడుతుంది. కాని ఆశించినంత ఫలితం ఎల్లప్పుడూ కనిపించలేదు. 1992 ఆరంభంలో ఆంధ్ర ప్రదేశ్‌లో రేషను బియ్యం ధర హఠాత్తుగా పెరిగినప్పుడు పిల్లల బరువుపై దాని ప్రభావం ఎంత అన్న విషయాన్ని ఆర్థికవేత్త అలెస్సాండ్రో టరోజ్జీ పరిశీలించి 2005లో ప్రచురించినాడు. ధర పెరిగిన కారణంగా పిల్లల బరువు చెప్పుకోదగినంతగా తగ్గినట్లు అతనికి ఆధారం దొరకలేదు. అనగా బియ్యం ధర ఒక్కటే పిల్లల ఎదుగుదలను నిర్ణయించడం లేదు.

ఇతర దేశాల అనుభవం కూడా ఇటువంటిదే. చైనాలోని హునాన్, గాన్సు రాష్ట్రాలలో పేద కుటుంబాలకు బియ్యం, గోధుమ పిండిపై రాయితీ ఇచ్చి చూసిన రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్‌లు పోషణ మెరుగుపడినట్లు ఆధారం లేదని 2011లో పేర్కొన్నారు. మిగిలిన డబ్బుతో ఆ కుటుంబాలు ఎక్కువ పోషకాల కంటే ఎక్కువ రుచిని కోరుకున్నవని వారి వివరణ.

జొన్న నుండి బియ్యానికి

తెలంగాణ మెట్ట ప్రాంతాలలో, ముఖ్యంగా ఆదిలాబాదు గోండులలో, జొన్న ప్రధాన ఆహారంగా ఉండేది. జొన్న గట్క, జొన్న రొట్టె, అంబలి నిత్య భోజనం. చౌక బియ్యం రావడం, సాగునీటి వలన వరి విస్తరించడం, మెట్ట భూములలో ప్రత్తి వంటి వాణిజ్య పంటలు ప్రవేశించడం - ఈ మూడు కారణాల వలన జొన్న వాడకం బాగా తగ్గినది. దుకాణంలో ఒక్క ధాన్యం మాత్రమే చౌకగా అమ్మితే, పొలంలోను పళ్ళెంలోను కూడా ఆ ధాన్యమే మిగులుతుందని విమర్శకులు పేర్కొంటారు. నీరజ్ కౌశల్, ఫెలిక్స్ ముచోంబా 2015లో ప్రచురించిన అధ్యయనంలో కూడా రాయితీ వలన బియ్యం, గోధుమల వాడకం పెరిగి ముతక ధాన్యాల వాడకం తగ్గినదని, మొత్తం పోషణలో మార్పు రాలేదని తేలినది.

జాతీయ పోషకాహార సంస్థ 2017 ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల ధాన్యంలో సుమారుగా ఉండే పోషకాలు:

- పాలిష్ బియ్యం: మాంసకృత్తులు 7.9 గ్రాములు, ఇనుము 0.65 మి.గ్రా., కాల్షియం 7.5 మి.గ్రా.
- జొన్నలు: మాంసకృత్తులు 10 గ్రాములు, ఇనుము 4 మి.గ్రా., కాల్షియం 28 మి.గ్రా.
- సజ్జలు: మాంసకృత్తులు 11 గ్రాములు, ఇనుము 6.4 మి.గ్రా., కాల్షియం 27 మి.గ్రా.
- రాగులు: మాంసకృత్తులు 7.2 గ్రాములు, ఇనుము 4.6 మి.గ్రా., కాల్షియం 364 మి.గ్రా.

అయితే జొన్న తింటే అన్ని సమస్యలూ తీరుతాయని భావించడం కూడా సరి కాదు. దక్కను పీఠభూమిలో జొన్నపైనే ఆధారపడిన పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి ఉండేది. హైదరాబాదు పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ఈ విషయాన్ని ప్రచురించి, జొన్నలోని ల్యూసిన్ అనే ఆమ్లానికి దీనితో సంబంధం ఉండవచ్చునని ప్రతిపాదించినారు. ఏ ధాన్యమైనా ఒంటరిగా సరిపోదు. దానితో పాటు పప్పు, ఆకుకూరలు, పాలు లేదా గుడ్డు ఉండాలి.

జహీరాబాదు ప్రయోగం

మెదక్ జిల్లా (ప్రస్తుత సంగారెడ్డి జిల్లా) జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దీని వ్యవస్థాపకులలో పి.వి. సతీష్ (మరణం 2023) ప్రముఖుడు. 1990ల మధ్యలో ఈ సంస్థకు చెందిన మహిళా సంఘాలు ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ విధానాన్ని రూపొందించినవి. బీడుగా పడి ఉన్న భూములను సాగులోకి తెచ్చుటకు రైతులకు అప్పు ఇచ్చినారు. రైతులు ఆ అప్పును జొన్నల రూపంలో గ్రామ ధాన్య నిధికి తిరిగి చెల్లించినారు. ఆ జొన్నలను గ్రామంలోని నిరుపేదలకు తక్కువ ధరకు అమ్మినారు. ఎవరు నిరుపేదలు అన్నది గ్రామస్థులే సమావేశమై నిర్ణయించినారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ పురస్కారం లభించినది.

2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కిలో ఒక రూపాయికి ఇచ్చే వీలు కల్పించినారు. మరొక వైపు, 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన నాటికి నగరాలలో కొర్రలు, సామలు వంటివి ఆరోగ్యాహారంగా పేరు పొంది, వాటి ధర సాధారణ బియ్యం ధరను మించినది. ఒకప్పుడు పేదల తిండిగా ఉన్న ధాన్యాలు ఈ విధంగా పేదలకు ఖరీదైన సరుకుగా మారినవి. ఇది పండించే రైతుకు మేలు చేసినా, కొనుక్కునే కూలీకి కాదు.

రైతు బజార్లు

1999 జనవరిలో నారా చంద్రబాబునాయుడు ప్రభుత్వం రైతు బజార్లను ప్రారంభించినది. వీటిలో రైతులు దళారుల ప్రమేయం లేకుండా కూరగాయలను నేరుగా అమ్ముతారు. ధరలను ప్రతి దినం నిర్ణయించి బోర్డుపై వ్రాస్తారు. టోకు ధర కంటే కొంత ఎక్కువగాను, చిల్లర ధర కంటే తక్కువగాను ఉండుట వలన ఇరువురికీ లాభం కలుగుతుంది. దీనికి ముందు 1987లో పంజాబులో ప్రారంభమైన "అప్నీ మండీ" ఇటువంటిదే. 1999 చివరలో తమిళనాడులో "ఉళవర్ సందై" పేరుతో ఇటువంటి సంతలు వచ్చినవి.

పోషణ దృష్టితో చూసినప్పుడు రైతు బజారు ప్రధానంగా పట్టణ వినియోగదారునికి ఉపయోగపడినది. అక్కడకు వెళ్ళి రావడానికి అయ్యే చార్జీ, పోయే సమయం లెక్క వేస్తే పావుకిలో కూరగాయలు కొనే కుటుంబానికి మిగిలేది స్వల్పం. గోలేటి వంటి చోట్ల వారపు సంత, తోపుడు బండి, ఇంటి ముందు గంప దించి అమ్మే స్త్రీలు ఈ అవసరాన్ని తీరుస్తారు. వారికి నీడ, నీరు, సరైన తూకం, తక్కువ వడ్డీకి పెట్టుబడి కల్పించుట కూడా పోషకాహార విధానంలో భాగమే.

మహిళా సంఘాల సామూహిక కొనుగోలు

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (2000లో ఏర్పాటు) ద్వారా స్వయం సహాయక బృందాలు గ్రామ సంఘాలుగా సమాఖ్య అయినవి. ఇవి బియ్యం రుణ పద్ధతిని చేపట్టినవి. గ్రామ సంఘం బియ్యాన్ని, ఇతర సరుకులను టోకుగా కొని సభ్యులకు అప్పుపై ఇస్తుంది. సభ్యులు వాయిదాలలో చెల్లిస్తారు. దీని వలన టోకు ధర, ఉద్దెర రెండూ ఒకేచోట లభించి, కిరాణా ఖాతాపై ఆధారపడటం తగ్గినది.

2007 నుండి అదే సంస్థ గర్భిణులు, బాలింతల కొరకు పోషకాహార కేంద్రాలను కూడా నడిపినది. వీటిలో తల్లులు పూర్తి భోజనం చేసి దాని ఖర్చులో కొంత భాగాన్ని వాయిదాలలో చెల్లించేవారు. తరువాత 2013లో ఇందిరమ్మ అమృత హస్తం, తెలంగాణలో 2015 జనవరి 1 నుండి ఆరోగ్య లక్ష్మి పథకాల క్రింద అంగన్‌వాడీలలో అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట భోజనం ఉచితంగా ఇవ్వసాగినారు. గర్భిణి విషయంలో అమ్మకం కంటే ఉచిత భోజనమే తగినదని ప్రభుత్వాలు నిర్ణయించినట్లు ఈ మార్పు తెలుపుతున్నది.

గుడ్డు

మార్కెట్ ద్వారా పేదలకు చేరిన పోషకాహారాలలో కోడిగుడ్డు ప్రముఖమైనది. వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపకుడు బి.వి. రావు చొరవతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సమితి ఏర్పడినది. అంతకు ముందు వ్యాపారులు చెప్పిన ధరకే అమ్మిన రైతులు, ఆ తరువాత తామే రోజువారీ ధర ప్రకటించసాగినారు. ఉత్పత్తి పెరిగినది. నేడు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలు గుడ్ల ఉత్పత్తిలో దేశంలోని అగ్ర రాష్ట్రాలలో ఉన్నవి.

గుడ్డు ఒక్కొక్కటిగా అమ్ముతారు. మారుమూల కిరాణా దుకాణంలో కూడా దొరుకుతుంది. పెంకు ఉండుట వలన కల్తీకి వీలు లేదు. వండటానికి కొద్ది నిమిషాలు చాలు. పైన పేర్కొన్న దూరం, మోతాదు, నమ్మకం, సమయం అన్న నాలుగు షరతులనూ ఇది తీరుస్తున్నది. అంగన్‌వాడీలు, పాఠశాలలు పెద్ద మొత్తంలో కొనుట వలన రైతుకు స్థిరమైన గిరాకీ కూడా ఏర్పడినది.

పోషకాలు కలిపిన ఆహారాలు

అందరూ వాడే సరుకులో తక్కువ ఖర్చుతో పోషకాన్ని కలపడం మరొక మార్గము. దీనికి అయోడిన్ ఉప్పు ఉత్తమ ఉదాహరణ. భారత దేశంలో గాయిటరు నియంత్రణ కార్యక్రమం 1962లో మొదలయినది. మనుషులు తినుటకు అయోడిన్ లేని ఉప్పును అమ్మరాదన్న నిషేధాన్ని 2000లో ఎత్తివేసి, 2006 మే నెలలో మళ్ళీ అమలులోకి తెచ్చినారు. 2019-21 సర్వే నాటికి దేశంలో 94% కుటుంబాలు అయోడిన్ ఉప్పు వాడుతున్నవి. ఉప్పు ప్రతి ఇంటివారూ కొంటారు, పేదలు కూడా దాదాపు అదే పరిమాణంలో వాడతారు, చట్టం అందరు తయారీదారులకూ వర్తిస్తుంది. ఈ మూడూ కలిసినందున ఇది విజయవంతమైనది. జాతీయ పోషకాహార సంస్థ ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును కూడా రూపొందించినది.

ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపిన బియ్యాన్ని ప్రభుత్వ పథకాలన్నింటిలో ఇవ్వనున్నట్లు 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి నరేంద్ర మోడీ ప్రకటించినాడు. 2024 నాటికి దీనిని దేశవ్యాప్తంగా రేషను బియ్యానికి విస్తరించినారు. ఆదిలాబాదు వంటి ఆదివాసీ ప్రాంతాలలో సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులు ఉన్నందున ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఇనుము కలిపిన ఆహారాన్ని సికిల్ సెల్ రోగులు తినరాదని, తలసీమియా రోగులు వైద్య పర్యవేక్షణలో మాత్రమే తీసుకోవాలని పొట్లాలపై ముద్రించవలెనని 2018 నాటి ఆహార ప్రమాణాల నిబంధనలు పేర్కొన్నవి. రేషను దుకాణంలో విడిగా తూచి ఇచ్చే బియ్యంపై అటువంటి హెచ్చరిక కొనేవారికి కనిపించదన్నది విమర్శ.

శిశువుల కొరకు జాతీయ పోషకాహార సంస్థ గోధుమలు, శనగలు, వేరుశనగలు, బెల్లంతో తయారుచేసిన "హైదరాబాదు మిక్స్" ఇంట్లో చేసుకోదగినది. తెలంగాణలో అంగన్‌వాడీల ద్వారా ఏడు నెలల నుండి మూడేళ్ళ లోపు పిల్లలకు "బాలామృతం" పొడిని ఉచితంగా ఇస్తారు.

ఆదివాసీ మహిళల ఆహార పరిశ్రమలు

2010ల చివరలో తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ, పటాన్‌చెరు సమీపంలోని ఇక్రిశాట్ సంస్థ సహకారంతో "గిరి పోషణ" కార్యక్రమాన్ని చేపట్టినది. జొన్న, ఇతర ధాన్యాలు, పప్పులతో తయారైన ఆహారాలను ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ప్రాంతాల అంగన్‌వాడీలకు అందించినారు. వీటిని తయారుచేసే యూనిట్లను ఆదివాసీ మహిళల బృందాలు నిర్వహిస్తున్నవి. ఉట్నూరు ప్రాంతంలో ఇప్పపువ్వు లడ్డూల తయారీ కూడా ఇటువంటిదే. ఇందులో ప్రభుత్వం కొనుగోలుదారు, ఆదివాసీ స్త్రీ తయారీదారు, ఆదివాసీ శిశువు వినియోగదారు. ఆదాయం, పోషణ రెండూ ఒకే ప్రాంతంలో నిలుస్తున్నవి. ప్రభుత్వ కొనుగోలు ఆగిపోతే యూనిట్లు నిలబడుట కష్టమన్నది దీని పరిమితి.

ప్రైవేటు సంస్థల ప్రయత్నాలు

బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంకు వర్గం, డానోన్ సంస్థ కలిసి 2006లో బోగ్రాలో పెరుగు కర్మాగారం స్థాపించినవి. పోషకాలు కలిపిన "శక్తి దోయి" పెరుగును 80 గ్రాముల కప్పు 5 టాకాలకు గ్రామీణ స్త్రీలు ఇంటింటికీ తిరిగి అమ్మినారు. 2008లో పాల ధర పెరుగుట వలన కప్పు ధరను 8 టాకాలకు పెంచగా పల్లెలలో అమ్మకాలు ఘోరంగా పడిపోయినవి. తరువాత కప్పును 60 గ్రాములకు తగ్గించి 6 టాకాలకు అమ్మినారు, పట్టణాలలో ఎక్కువ ధరకు అమ్మి సర్దుబాటు చేసినారు. పేదలు పోషకాహారం కొరకు డబ్బు పెడతారని, అయితే రెండు మూడు టాకాల తేడా కూడా వారికి భారమేనని ఈ అనుభవం తెలిపినది.

మరొక వైపు, ఐదు, పది రూపాయల చిరుతిండి పొట్లాలు గోలేటి వంటి ఊళ్ళలోని ప్రతి దుకాణానికీ చేరినవి. చిన్న మోతాదు, తక్కువ ధర, నిలువ ఉండే గుణం వాటికి ఉన్నవి, లేనిది పోషక విలువ మాత్రమే. పేదల మార్కెట్టును చేరుట సాధ్యమేనని, చేరుస్తున్న సరుకు మాత్రం తప్పని దీనిని బట్టి గ్రహించవచ్చును.

వండిన భోజనం

గనుల చట్టం (1952) ప్రకారం 250 మందికి మించి పనిచేసే గనులలో క్యాంటీను ఏర్పాటు చేయాలని నిర్దేశించే వీలు 2025 వరకు ఉండేది. పనిచోట దొరికే భోజనం కార్మికుని పోషణలో ప్రధానమైనది. ఒప్పంద కార్మికులకు కూడా అది అందినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది. పట్టణ పేదల కొరకు హైదరాబాదు మహానగర పాలక సంస్థ 2014లో హరేకృష్ణ మూవ్‌మెంట్ సహకారంతో ఐదు రూపాయల భోజనాన్ని ప్రారంభించినది. ఆంధ్ర ప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024లో తిరిగి తెరుచుకున్నవి. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆగిపోయే పథకంపై పేదలు ఆధారపడలేరన్న విమర్శకు ఇది ఉదాహరణ.

పరిమితులు, విమర్శలు

- డబ్బు అసలే లేనివారికి మార్కెట్ ఏమీ చేయలేదు. వారికి ఉచిత ఆహారం, ఉపాధి, పెన్షను వంటివి అవసరం.
- కుటుంబం కొన్న ఆహారం ఇంటిలో సమానంగా పంచబడకపోవచ్చును. చివరగా తినే స్త్రీలకు కూర, గుడ్డు మిగలకపోవుట సాధారణం.
- ఆరు నెలల లోపు శిశువుకు తల్లిపాలే ఆహారం. ఈ దశలో మార్కెట్ సరుకులు హాని చేయగలవు. అందువలననే శిశు ఆహార డబ్బాల ప్రచారాన్ని 1992 నాటి చట్టం నిషేధించినది.
- కలుషిత నీటి వలన విరేచనాలు పట్టుకున్న బిడ్డకు మంచి ఆహారం పెట్టినా వంటబట్టదు. నీరు, పారిశుధ్యం బజారులో కొనగలిగినవి కావు.
- గనుల తవ్వకం కొరకు భూమి కోల్పోయిన రైతు, పండించుకునే వ్యక్తి నుండి కొనుక్కునే వ్యక్తిగా మారుతాడు. పరిహారపు డబ్బు ఒకసారి వస్తుంది, పప్పు ప్రతి దినం కొనాలి. 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధిని స్త్రీ శిశు సంక్షేమానికి, ఆరోగ్యానికి వాడే వీలు ఉన్నది.

మొత్తం మీద తెలుగు ప్రాంతాలలో విజయవంతమైన ప్రయత్నాలలో మూడు లక్షణాలు కనిపిస్తున్నవి. సరుకు పేదలు అప్పటికే తినే ఆహారమై ఉండాలి (ఉప్పు, గుడ్డు, జొన్న). అమ్మే చోటు వారి నడక దూరంలో ఉండాలి. ధర పెరిగినప్పుడు ఆ భారాన్ని మోయుటకు ప్రభుత్వమో, సంఘమో, ఎక్కువ ధర చెల్లించే మరొక కొనుగోలుదారో ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా చౌకగా కడుపు నిండవచ్చును గాని పోషణ అందదు.

ఇవి కూడా చూడండి

- రైతు బజారు
- చౌక ధరల దుకాణం
- జాతీయ పోషకాహార సంస్థ
- గిరిజన సహకార సంస్థ
- చిరుధాన్యాలు
- సింగరేణి బొగ్గు గనులు
- గోలేటి